బట్టలు లేని ఒడ్డున సుగుణాంటీ

ఈమధ్య రెడ్‌మండ్ నుంచి సెలవుకి వచ్చిన మా అమ్మాయి, ఇడ్లీలో కారప్పొడి నంజుకుంటూ, ఎండావానల సంగతి చెప్పినంత మామూలుగా ఒక మాట చెప్పింది. "పోయిన వీకెండ్ మేం న్యూడ్ బీచ్‌కి వెళ్లాం అమ్మా. వాటర్ మాత్రం చాలా కోల్డ్." నీళ్లు చల్లగా ఉన్న సంగతి నా చెవిన పడలేదు. కుక్కర్ మూత చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "మేం అంటే ఎవరెవరు?" అన్నాను. "నేను, ప్రియ, ఆఫీస్ ఫ్రెండ్స్." "మగపిల్లలు కూడానా?" "కొంతమంది." "నువ్వు కూడా... అలాగే..." అని వాక్యం పూర్తి చెయ్యలేకపోయాను. అది తలెత్తి నన్ను చూసి నవ్వింది. "అమ్మా, అక్కడ స్విమ్‌సూట్ వేసుకుంటేనే వియర్డ్‌గా ఉంటుంది. ఎవరూ చూడరు అక్కడ. అందరూ జస్ట్ బుక్ చదువుతారు, పడుకుంటారు. ఇంకో ఇడ్లీ ఉందా?"

ఇడ్లీ వేశాను. ఇంకేం చెయ్యాలో తెలియక లాండ్రీ గదిలోకి వెళ్లి ఆరిన బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టాను. నేను కనిపెంచిన పిల్ల, నేను నీళ్లు పోసిన ఒళ్లు, ఎవరెవరో తెల్లవాళ్ల మధ్య ఎండలో పడుకుందా అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్లీ మడతపెట్టాను. కేకలేద్దామనుకున్నాను. వాళ్ల నాన్నకి చెబుతానని బెదిరిద్దామనుకున్నాను. కానీ కోపం కంటే ముందు నా కళ్ల ముందుకి ఒక మనిషి వచ్చింది. తడిసిన జుట్టు, నల్లటి భుజాలు, సముద్రంలోంచి నడిచొస్తున్న సుగుణాంటీ. ఆవిడ గురించి నేను ఎవరితోనూ మాట్లాడి ఎన్నేళ్లయిందో.

మేం అమెరికా వచ్చి ఎడిసన్‌లో దిగేనాటికి నాకు పదిహేనేళ్లు. నాన్నకి కంప్యూటర్ ఉద్యోగం. మాది బాపట్ల దగ్గర ఊరు, మూడు తరాలుగా క్రైస్తవులం. రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో అమ్మ, నాన్న, నేను, నాయనమ్మ. ఆ ఇంట్లో ఒళ్లనేది ఉన్నట్టు ఎవరికీ తెలియకుండా బతకడం ఒక పద్ధతి. నాన్న బాత్‌రూమ్‌లోంచి బయటికొచ్చే ముందు గట్టిగా దగ్గేవాడు. ఆ దగ్గు వినగానే మేం ముగ్గురం హాల్లో ఏ పనిలో ఉన్నా అటువైపు చూడకుండా తలలు తిప్పుకునేవాళ్లం. అమ్మ తన లోపలి బట్టల్ని టబ్ మీద కట్టిన తాడు మీద ఆరేసి వాటిమీద తువ్వాలు కప్పేది. ఇంట్లో ఉన్నవాళ్లందరికీ ఆ తువ్వాలు కింద ఏముందో తెలుసు, అయినా తువ్వాలు లేకుండా అవి ఒక్కరోజు కూడా ఆరలేదు. ఎండ తగలక వాటికొక ముక్కిన వాసన ఉండేది. ఆ వాసనా, నాయనమ్మ సీకాయ పొడి వాసనా, వంటింట్లోంచి వచ్చే ఎండుచేపల వేపుడు వాసనా కలిసి మా ఇంటి తలుపు తియ్యగానే ముక్కుకి తగిలేవి. పక్కింటి అమెరికన్ ముసలాయన అప్పుడప్పుడూ కారిడార్‌లో కిటికీ తెరిచేవాడు.

నాయనమ్మ స్నానం పెద్ద తతంగం. టబ్‌లో బకెట్ పెట్టుకుని, లంగాని గుండెల మీదికి లాగి ముడేసుకుని, చెంబుతో పోసుకునేది. లోపల ఆవిడొక్కతే, తలుపుకి గడియ, అయినా లంగా విప్పేది కాదు. తడి లంగా మీద పొడి లంగా తొడిగి, కిందిది జారవిడిచి, చీర చుట్టుకుని బయటికొచ్చేది. "ఎవరు చూస్తారే నాయనమ్మా లోపల?" అని ఒకసారి అడిగాను. "నేను చూస్తాగా," అంది. అది వేళాకోళం కాదు. సముద్రానికి దగ్గర్లో పుట్టి పెరిగిన మనిషి, జన్మలో చీలమండలు దాటి నీళ్లలో దిగలేదు. తడిస్తే చీర ఒంటికి అంటుకుంటుందని.

ఆ ఇంట్లోంచి నేను స్కూల్‌కి వెళ్లి, జిమ్ పీరియడ్ ముందు లాకర్ రూమ్‌లో నిలబడ్డప్పుడు నాకెలా ఉండేదో ఊహించుకోండి. ఆ అమ్మాయిలు మాట్లాడుకుంటూ, నవ్వుకుంటూ, చొక్కాలు విప్పేసి అలాగే నిలబడి జుట్టు దువ్వుకునేవాళ్లు. నేను టీషర్ట్‌లోపల చేతులు లాక్కుని, లోపలే ఒకటి విప్పి ఇంకొకటి తొడుక్కునేదాన్ని. అంగుళం చర్మం కనపడేది కాదు. అది చూసి ఒకమ్మాయి "మ్యాజిక్ ట్రిక్‌లా ఉంది, మళ్లీ చెయ్యి," అంది. నాకు ఏడుపొచ్చింది. ఇంటికొచ్చి చెబితే అమ్మ స్కూల్‌కి ఫోన్ చేసి జిమ్ మాన్పిద్దామంది. నాయనమ్మ మాత్రం గర్వంగా, "మన పిల్ల," అంది.

మా తెలుగు సంఘం ఒక అమెరికన్ చర్చి వాళ్ల హాలు అద్దెకి తీసుకుని ఆదివారం మధ్యాహ్నాలు ఆరాధన పెట్టుకునేది. మా పాస్టర్ గారు వారంలో ఐదు రోజులు ఆఫీసుకి వెళ్లేవారు, శనివారం ప్రసంగం తయారు చేసుకునేవారు. సుగుణాంటీ హాస్పిటల్లో నర్సు. పెళ్లి చేసుకోలేదు. నలభై దాటిన ఒంటరి ఆడమనిషి అంటే మనవాళ్లకి ఉండే అనుమానమంతా ఆవిడ గొంతు ముందు కరిగిపోయేది. పిల్లలకి పాటలు నేర్పేది ఆవిడే. శనివారం సాయంత్రాలు మమ్మల్ని తన ఇంటికి రమ్మని, మిరపకాయ బజ్జీలు వేసి పెట్టి, శ్రుతి కలిసేదాకా వదిలేది కాదు. "ఒళ్లు దగ్గర పెట్టుకుని పాడకండర్రా, ఒళ్లు వదిలేసి పాడండి," అనేది. నేను భుజాలు ముడుచుకుని నిలబడితే వెనక నుంచి వచ్చి రెండు భుజాలూ పట్టుకుని వెనక్కి లాగేది. నన్ను అలా చనువుగా తాకే పెద్దవాళ్లు ఇంకెవరూ ఉండేవాళ్లు కాదు.

ఆ వేసవిలో సంఘమంతా కలిసి సముద్రానికి పిక్నిక్ వెళ్లాం. వ్యాన్‌లు, కార్లు, పులిహోర, చికెన్ పులావు, మడత కుర్చీలు. సుగుణాంటీ తనకి వేరే పని ఉందని రాలేదు. ఆడవాళ్లు చీరల్లోనే ఇసకలో కూర్చుని ఉల్లిపాయలు తరిగారు. మగవాళ్లు ప్యాంట్లు మోకాళ్లదాకా మడిచి అలల్లో నిలబడ్డారు. భోజనాలయ్యాక డానియేలు అంకుల్, అంటే మా సంఘ కార్యదర్శి, ఇంకో ఇద్దరు అంకుల్స్‌ని వెంటేసుకుని "లైట్‌హౌస్ చూసొస్తాం," అని వెళ్లాడు. కాసేపటికి నాయనమ్మ, "తిన్నది అరగలేదు, అలా నడుద్దాం పదవే," అంది. ఆవిడ చెప్పులు నేను పట్టుకుని, ఆవిడ నా భుజం పట్టుకుని, తడి ఇసక మీద చాలా దూరం నడిచాం. జనం పలచబడ్డారు. అక్కడొక బోర్డు.

నేను చదివి ఆగిపోయాను. "ఏం రాసుందే?" అంది నాయనమ్మ. చెప్పడానికి నాకు నోరు రాలేదు. "ఇక్కడి నుంచి ముందుకెళ్తే మనుషులు బట్టల్లేకుండా ఉంటారట."

"చిన్నపిల్లలా?"

"కాదు నాయనమ్మా. పెద్దవాళ్లు."

ఆవిడ నన్ను, నేనేదో తప్పుగా చదివినట్టు చూసింది. "పిచ్చాళ్లా?" అంది. నేను జవాబు చెప్పేలోపే మాకు కనిపించారు. ముందుగా ఒక ముసలాయన, తల మీద టోపీ తప్ప ఇంకేమీ లేదు, కుర్చీలో కూర్చుని పేపర్ చదువుకుంటున్నాడు. ఆయన పక్కన లావుపాటి ముసలావిడ పుచ్చకాయ కోస్తోంది. కొంచెం అవతల ఎవరో బంతాట ఆడుతున్నారు. నాయనమ్మ నోట్లోంచి "ప్రభువా" అన్న మాట ఊపిరిలాగా వచ్చింది. వెంటనే పైటకొంగు లాగి నా కళ్లకి అడ్డం పెట్టింది. పల్చటి నేత చీర, అందులోంచి నాకు అన్నీ కనిపిస్తున్నాయి. ఆవిడ మాత్రం కళ్లు మూసుకోలేదు. చూసిన మాకే ఏదో శిక్ష పడుతుందన్న భయం నాకు. వెనక్కి తిరగాలని ఇద్దరికీ తెలుసు, అయినా నిలబడి చూస్తున్నాం.

అప్పుడు నీళ్లలోంచి ఒకావిడ బయటికొచ్చింది. మన రంగు. చేతులతో జుట్టు వెనక్కి తోసుకుంటూ, ఎవరినీ పట్టించుకోకుండా, ఇంటి వరండాలో నడిచినట్టు నడుస్తూ మా వైపే వచ్చింది. దగ్గరికొచ్చాక గానీ మమ్మల్ని చూడలేదు. సుగుణాంటీ. మా ముగ్గురిలో ఎవరి మొహం ఎక్కువ పాలిపోయిందో నాకు తెలియదు. ఆవిడ తువ్వాలు నాలుగు బారల దూరంలో ఇసక మీద ఉంది. చేతులు అడ్డం పెట్టుకుంటుందనుకున్నాను, పరిగెడుతుందనుకున్నాను. ఒక్క క్షణం అలాగే నిలబడి, రెండు చేతులూ జోడించి, "వందనాలు మామ్మగారూ," అంది.

నాయనమ్మ, యాభై ఏళ్లుగా ఆదివారం ఆదివారం నోటికి పట్టిన అలవాటు వల్లనేమో, "వందనాలమ్మా," అంది. అని, నా రెక్క పట్టుకుని గిరుక్కున వెనక్కి తిప్పి నడిపించింది. ఆ వయసులో ఆవిడ అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. బోర్డు దాటాక, ఒడ్డున ఏపుగా పెరిగిన గడ్డి వెనక, మా సంఘం అంకుల్స్ ముగ్గురూ నిలబడి ఉన్నారు. మమ్మల్ని చూసి ముగ్గురూ ఒక్కసారే సముద్రం వైపు చూడటం మొదలుపెట్టారు. నాయనమ్మ వాళ్లతో ఏమీ అనలేదు. దారిలో నాతో మాత్రం, "నువ్వేం చూడలేదు. నేనూ చూడలేదు," అంది. నేను చెప్పలేదు. ఆవిడా చెప్పలేదు. అయినా వ్యాన్‌లు ఎడిసన్ చేరేసరికే ఆ మాట సగంమందికి తెలిసిపోయింది.

ఆ వారమంతా మా ఇంట్లో ఫోన్ మోగుతూనే ఉంది. "ఛీ ఛీ" అనేది అమ్మ, గొంతు తగ్గించి, వైరు సాగినంత దూరం వెళ్లి. "పిల్లల్ని పంపామండీ ఆవిడ దగ్గరికి! మన ఆడపిల్లల్ని!" ఒక ఆంటీ తన కూతుర్ని పాటలు మాన్పించానంది. ఇంకొకావిడ, సుగుణాంటీ తాకిన కప్పుల్ని వేరే పెట్టిందట. ఆదాము హవ్వల తర్వాత సిగ్గు తెలియని మనిషి ఈవిడేనని ఎవరో అన్నారట. నాయనమ్మ మంచం మీద కూర్చుని అన్నీ వింటూ చిక్కుడుకాయల ఈనెలు తీసేది.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలంతా హాల్లో ఉండిపోయారు. పిల్లల్ని బయటికి పంపారు గానీ, నాయనమ్మని పట్టుకుని ఉండాల్సిన నన్ను ఎవరూ వెళ్లమనలేదు. కాఫీ మాడిన వాసన. సుగుణాంటీ లేత పసుపు చీర కట్టుకుని, జుట్టు బిగించి ముడేసుకుని, ముందు కుర్చీలో కూర్చుంది. డానియేలు అంకుల్ లేచి, లైట్‌హౌస్‌కి వెళ్తూ అనుకోకుండా తాము చూసిన దృశ్యం గురించి, కళ్లు తుడుచుకుంటూ, బాధగా చెప్పాడు. హాలంతా "స్తోత్రం" అన్నట్టే ఒక్క గొంతుతో "అయ్యో" అంది. పాస్టర్ గారు మంచాయన. ఆవిడని కాపాడాలనే చూశారు. "సిస్టర్, మీకు ఆ చోటు సంగతి తెలియక వెళ్లారు కదా? అక్కడికి వెళ్లాక చుట్టూ చూసి కంగారుపడ్డారేమో. అలా జరుగుతుంది. దారి తప్పానని ఒక్క మాట చెప్పండి. ప్రార్థన చేసి వదిలేద్దాం."

అందరూ ఆ ఒక్క మాట కోసం చూశారు. నేను లోపల్లోపల, చెప్పెయ్యండి ఆంటీ, చెప్పెయ్యండి అనుకుంటున్నాను.

"దారి తప్పలేదు పాస్టర్ గారూ," అంది సుగుణాంటీ. "చాలా ఏళ్లుగా వెళ్తున్నాను. డ్యూటీ లేని రోజున."

"ఎవరైనా బలవంతం..."

"లేదండీ."

"పోనీ ఏదైనా ఆరోగ్య సమస్యకా? డాక్టర్లు ఎండ మంచిదని..."

"లేదండీ. నాకు అక్కడ బాగుంటుంది. అందుకే వెళ్తాను."

ఆ మాటకి హాలు ఎలా అయిపోయిందో నేను వర్ణించలేను. ఆవిడ బట్టల్లేకుండా కనిపించినప్పుడు కూడా నేను అంత నివ్వెరపోలేదు. ఒక ఆడమనిషి, పదిమంది పెద్దల ముందు, ఒక పని ఎందుకు చేశావంటే బాగుంటుంది కాబట్టి అని చెప్పడం నేను అప్పటిదాకా వినలేదు. మా ఇళ్లలో ఏదైనా చెయ్యడానికి కారణాలు పిల్లలు, దేవుడు, మొగుడు, షుగర్, బీపీ. అమ్మ చెవులు మూసుకుంది. ఎవరో ఏడవడం మొదలుపెట్టారు. "విన్నారా ఆ పొగరు!" అన్నాడు డానియేలు అంకుల్.

అప్పుడు నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని లేచి నిలబడింది. "బాబూ డానియేలూ, నాకో అనుమానం. లైట్‌హౌస్ మనం కార్లు పెట్టినవైపు కదా ఉంది. మీరు అటెందుకు వచ్చారు?"

ఎవరూ నవ్వలేదు. డానియేలు అంకుల్ భార్య తల తిప్పి ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. పాస్టర్ గారు గబగబా ప్రార్థన మొదలుపెట్టారు. పిల్లల పాటల పని ఇకనుంచి వేరేవాళ్లు చూస్తారని ఆ ప్రార్థన చివర్లోనే చెప్పేశారు.

ఇంటికొచ్చాక నాకు నాయనమ్మ మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది. పక్కన చేరి, "శనివారం సుగుణాంటీ ఇంటికి వెళ్లనా నాయనమ్మా?" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "కాళ్లు విరగ్గొడతాను."

"నువ్వే కదా ఆవిడ తరఫున..."

"అబద్ధం ఆడినవాణ్ని అడిగాను. ఆవిడ చేసింది బాగుందని నేనెక్కడన్నాను? సిగ్గూ శరం లేని పని. తూ!" అని దుప్పటి కప్పుకుంది. నేను మళ్లీ నివ్వెరపోయాను. సుగుణాంటీ తర్వాత కొన్ని ఆదివారాలు వచ్చి వెనక వరసలో ఒంటరిగా కూర్చుంది. ముందు మేం పిల్లలం శ్రుతి తప్పి పాడుతుంటే ఆవిడ కళ్లు మూసుకునేది. తర్వాత రావడం మానేసింది.

ఇప్పటిదాకా చెప్పింది మా అమ్మాయికి కూడా చెప్పాను, ఆ మధ్యాహ్నమే, బట్టలు మడతపెట్టడం పూర్తయ్యాక. అది మంచం మీద బాసిపట్టు వేసుకుని విని, "దట్ ఈజ్ సో మీన్," అంది. చర్చిలో అందరి మీదా దానికి కోపమొచ్చింది. నాకు దాని కోపం మీద అసూయ కలిగింది. అంత సులభంగా కోపం రావాలంటే ఆ ఇంట్లో పెరిగి ఉండకూడదు. అప్పట్లో మా భయం నోళ్లకి. ఇప్పుడు నా భయం ఫోన్లకి. "ఎవరైనా ఫోటో తీస్తే? మన చర్చి వాట్సాప్‌లో పడితే?" అన్నాను. "అక్కడ ఫోన్ బయటికి తీస్తే అందరూ అరుస్తారు అమ్మా. మన పెళ్లిళ్ల కంటే సేఫ్," అంది. నేను నవ్వలేదు. నన్ను ఒప్పించానని అది అనుకుంటే పొరపాటే. అది ఆ మాట చెప్పి ఇన్నాళ్లయినా నాకు మింగుడుపడలేదు. మళ్లీ వెళ్లొద్దని చెప్పాను. "నేను అడగలేదు అమ్మా, చెప్పాను అంతే," అంది నెమ్మదిగా. నేను మా అమ్మకి జన్మలో అలాంటి మాట చెప్పి ఉండను. చెప్పకుండా వెళ్లడమే నాకు తెలిసేది.

"మరి మీ నాయనమ్మ? సుగుణాంటీతో మళ్లీ మాట్లాడిందా?" అని అడిగింది. అది కూడా చెప్పాను.

నేను కాలేజీలో చేరిన ఏడాది చలికాలంలో నాయనమ్మ మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయి ఇంటికొచ్చింది గానీ తనంతట తాను స్నానం చెయ్యలేకపోయింది. అమ్మ పోస్తానంటే "కోడలి ముందా!" అని మొహం గోడవైపు తిప్పుకుంది. నేను పోస్తానంటే "పసిపిల్ల చూడకూడదు," అంది. స్నానం చేయించడానికి ఇన్సూరెన్స్ వాళ్లు పంపిన ఆవిడ గ్లౌజులు వేసుకుని చీర మీద చెయ్యి వెయ్యగానే నాయనమ్మ వేసిన కేకకి పక్కింటి ముసలాయన తలుపు కొట్టాడు. రోజులు గడిచాయి. గదిలోకి వెళ్తే వాసన. ఒంటికి పుండ్లు పడతాయని డాక్టరు భయపెట్టాడు. నాన్న తలుపు బయట నిలబడి, లోపలికి చూడకుండా, "అమ్మా, నా మాట విను," అని బతిమాలాడు. ఆవిడ ఏడ్చింది. ఒంటిమీద చీర రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, చిన్నపిల్లలా, వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాక నాకు జీవితంలో చాలా సంగతులు చిన్నవిగా కనిపించాయి.

ఒకరోజు పొద్దున్నే అమ్మని పిలిచి, "ఆ సుగుణని రమ్మను," అంది.

అమ్మ అదిరిపడింది. "ఆవిడనా? మనం మాట్లాడటం మానేసి ఎన్నాళ్లయింది! ఏ మొహం పెట్టుకుని పిలవమంటారు అత్తయ్యా?"

"నా మొహం పెట్టుకుని పిలువు."

సుగుణాంటీ ఆ సాయంత్రమే, డ్యూటీ బట్టల్లోనే వచ్చింది. చర్చి మాట ఎత్తలేదు, ఎందుకు పిలిచారని అడగలేదు. కోటు విప్పి కుర్చీకి తగిలించి, చేతులు కడుక్కుని, నాయనమ్మ మంచం పక్కన కూర్చుంది. "పోసేదా మామ్మగారూ?"

నాయనమ్మ ఆవిడ మొహంలోకి చూసింది. "అక్కడ నీ ఒళ్లంతా నేను చూశానే అమ్మా," అంది. "కళ్లు మూసుకోవాల్సింది, మూసుకోలేదు. ఇప్పుడు నా ఒళ్లు నువ్వు చూస్తే తప్పు లేదు. నీ ముందు నాకు సిగ్గెయ్యదు."

సుగుణాంటీ కళ్లలో నీళ్లు తిరగడం చూశాను. ఇద్దరం పట్టుకుని నాయనమ్మని బాత్‌రూమ్‌లోకి తీసుకెళ్లి స్టూలు మీద కూర్చోబెట్టాం. సుగుణాంటీ నన్ను బయటికి పంపి తలుపు వేసింది. హాల్లో అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా నిలబడ్డాం. చీర జారిన చప్పుడు, తర్వాత లంగా ముడి విప్పుతున్నట్టు గుసగుసలు, తర్వాత నీళ్లు. డెబ్బై ఏళ్లు పైబడిన మా నాయనమ్మ మొదటిసారి ఒంటిమీద నూలుపోగు లేకుండా నీళ్లు పోయించుకుంటోంది. ఏ క్షణంలోనైనా కేక వినిపిస్తుందని అమ్మ గుప్పిట్లు బిగించుకుని ఉంది.

కేక రాలేదు. చెంబు మీద చెంబు పడుతున్న చప్పుడు. కాసేపటికి తలుపు అవతల నుంచి నాయనమ్మ గొంతు, మాకెవరికీ అలవాటు లేనంత తీరిగ్గా వినిపించింది.

"ఇంకాస్త వేడిగా పొయ్యవే. వీపు మీద పొయ్యి. ఆఁ... అక్కడే."